నీళ్లు ముట్టని కబురు

పోయిన నెల చెన్నైలో ఒక పెండ్లికి పోవలసి వస్తే, రైల్లో పోతానని నేనెంత మొత్తుకున్నా వినకుండా మా మనవరాలు నన్ను బెంగళూరులో విమానం ఎక్కించింది. నడుముకు పట్టీ బిగించుకుని కూర్చున్నాక పైనుంచి ఒక మగ గొంతు, మనం ఆకాశంలో ఉండేది ముప్పై ఐదు నిమిషాలేనని, ఆ దూరాన్ని తానే కురచ చేసినంత సంబరంగా చెప్పింది. కాసేపటికి మనవరాలు ఫోనులో పటం తీసి, ఇప్పుడు మనం మీ కుప్పం పక్కనుంచే పోతున్నాం చూడవ్వా అని వేలు పెట్టి చూపించింది. ఆ పిల్ల వేలి కింద కుప్పం, పలమనేరు, పుంగనూరు, మదనపల్లె నాలుగూ ఇమిడిపోయాయి. నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. ఎవరి మీదో చెప్పమంటే చెప్పలేను. ఆ పిల్ల కాఫీ తాగుతావా అని అడిగితే వద్దని ముఖం కిటికీ వైపు తిప్పుకున్నాను. కిటికీలో మబ్బు తప్ప ఏమీ లేదు.

మన ఈడువాళ్లకు చెప్పనక్కరలేదు, ఇప్పటివాళ్లకు చెప్పినా నమ్మరు. రెండో ప్రపంచ యుద్ధం జరుగుతున్న ఆ సంవత్సరాలలో కుప్పం నుంచి మదనపల్లెకు ఎంత దూరమని అడిగితే మైళ్ల లెక్క ఎవరూ చెప్పేవారు కాదు. పెట్రోలు మిలిటరీకి పోయింది, మనకు బొగ్గు బస్సులు మిగిలాయి. వెనకాల నిలువెత్తు పీపా, దానిలో బొగ్గు, క్లీనరు చెమటలు కక్కుతూ పిడి తిప్పితే ఆ నిప్పు రాజుకుని, ఆ పొగతోనే ఇంజను నడవాలి. తెల్లవారి బయలుదేరాల్సిన బస్సు పొద్దెక్కినదాకా దగ్గుతూ నిలబడేది. ఎగువ దారి వస్తే మగవాళ్లంతా దిగి తొయ్యాలి, మిట్ట ఎక్కినాక మళ్లీ ఎక్కాలి, టిక్కెట్టు డబ్బులు మాత్రం ఎవరూ తగ్గించేవారు కాదు. నాయన తల్లి, మా జేజి, దూరాన్ని సద్దిమూటలతో కొలిచేది. పలమనేరంటే ఒక సద్ది, పుంగనూరంటే రెండు సద్దులు, మదనపల్లెకైతే రెండు సద్దులూ దేవుడి దయానూ అనేది. ఆమె నవ్వించడానికి అనలేదు, మేము నవ్వేవాళ్లం.

మా ఇల్లు కుప్పంలో రైలుస్టేషనుకు దగ్గర. నాయనకు చిన్న చిల్లర కొట్టు ఉండేది. ఇంట్లో జేజి, అమ్మ, పదకొండేళ్ల నేను, మూడేళ్ల మా తమ్ముడు. అమ్మ పుట్టిల్లు మదనపల్లె. అక్కడ మా అవ్వ, అంటే అమ్మను కన్నతల్లి, మా మేనమామ దగ్గర ఉండేది. తాత పోయి అప్పటికి చాలా కాలమైంది. నా తరువాత ఇద్దరు పురిట్లోనే పోయి, ఎన్నో మొక్కుల మీద పుట్టిన తమ్ముడికి అమ్మ ఆ తాత పేరే పెట్టింది. మొగుడి పేరు నోట పలకడం మా అవ్వ కాలంలో ఆడవాళ్లకు లేదు కనుక, నోట పాలు ఆరని ఆ పిల్లవాణ్ణి ఆమె పెద్దాయన అని పిలిచేది. పెద్దాయన పాలు తాగినాడా, పెద్దాయనకు పండ్లొచ్చినాయా అని కబురు పంపేది. మా ఇంట్లో మేము కూడా అలాగే అంటూ వాణ్ణి ఆటపట్టించేవాళ్లం. వాణ్ణి అవ్వ కండ్లారా చూసింది ఒక్కసారే, పుట్టిన మూడో నెలలో. ఆ తరువాత బస్సులు సరిగా లేక, పసిబిడ్డతో ఆ దారి పడలేక, వచ్చే నెల, వచ్చే పండగ అని అమ్మ ప్రయాణం వాయిదా పడుతూనే వచ్చింది.

ఆ కబుర్లు మోసుకొచ్చేది అవ్వ వాళ్ల వీధిలోనే ఉండే ఒక సాయిబు. చింతపండు వ్యాపారం ఆయనది. మదనపల్లె చుట్టుపక్కల కొన్న చింతపండు మూటలను తన లారీకెత్తి, తానే నడుపుకుంటూ కుప్పం తెచ్చి, రైల్లో మద్రాసుకు వేసేవాడు. అమ్మ చిన్నప్పటినుంచీ ఆయనను చిన్నాయనా అనే పిలిచేది, ఆయన అమ్మను బిడ్డా అనేవాడు. కుప్పం వచ్చినప్పుడల్లా మా ఇంటికి వచ్చి, అరుగు మీద కాదు, లోపల నడవలోనే చాప మీద కూర్చుని, అమ్మ ఇచ్చిన చెంబెడు మజ్జిగ గటగటా తాగి, మదనపల్లె సంగతులన్నీ ఒలికించి పోయేవాడు. అవ్వ పంపిన అరిసెలో, మురుకులో ఆయన సంచిలో ఉండేవి. ఆయన వచ్చిన రోజు అమ్మ ముఖం వేరేగా ఉండేది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి, అది చెప్పకపోతే తక్కిన కథ అర్థం కాదు. మా వైపు చావును చావని ఎవరూ చెప్పరు. కబురు తెచ్చినవాడు ఒంట్లో బాగలేదనే చెప్తాడు, తొందరగా రమ్మన్నారనే అంటాడు. కానీ గడప లోపలికి రాడు, కూర్చోడు, ఆ ఇంట్లో పచ్చినీళ్లు కూడా ముట్టడు. ఆ మూడూ చూసి ఇంటివాళ్లు తెలుసుకోవాలి. పోయినారా అని నోరు తెరిచి అడగడం తప్పు. అడిగితే ఆ మాట మన నోటితో మనమే పిలిచినట్టని పెద్దలు అనేవారు. ఈ విద్యలో మా అవ్వది ఆ వీధికే పెద్ద చెయ్యి. ఎవరింట్లో ఎవరికి చావు కబురు చెప్పాల్సి వచ్చినా ముందు అవ్వను పిలుచుకుపోయేవారు. ఏ ఆడమనిషికి ఎంత చెప్పాలి, ఎప్పుడు చెప్పాలి, జ్వరంతో మొదలుపెట్టాలా కాలు జారిందని మొదలుపెట్టాలా, అన్నీ ఆమెకు తెలుసు. మెత్తగా చెప్తుంది మహాతల్లి అని మెచ్చుకునేవారు. చిన్నప్పుడు నాకూ అది గొప్పగానే ఉండేది.

ఆ సంవత్సరం రంజాను అయిపోయి రెండు మూడు రోజులే అయింది. పండగనాడు మా పక్క వీధి సాయిబుల ఇంటినుంచి గిన్నెడు సేమ్యా పాయసం వస్తే తమ్ముడూ నేనూ పోట్లాడుకుని తిన్నాం. ఆ ఉదయం లారీ చప్పుడు విని నేనే వాకిట్లోకి పరుగెత్తాను. సాయిబు చిన్నాయన వీధిలోనే నిలబడి ఉన్నాడు. ఎప్పుడూ లేనిది, అమ్మ లోపలికి రమ్మన్నా రాలేదు. బొగ్గు లారీ, నిప్పు ఆరిపోతే మళ్లీ రాజుకోవడానికి పూట పడుతుందని ఆయన తొందర. అవ్వ బావి దగ్గర జారి పడిందని, జ్వరం తగులుకుందని, బిడ్డలను చూడాలంటోందని చెప్పాడు. టపాఫీసునుంచి తంతి కొడితే మీరు భయపడతారని మామ తనతో చెప్పి పంపాడట. అమ్మ అలవాటుగా మజ్జిగ చెంబు తెచ్చి అందించింది. ఆయన రెండు చేతులూ అడ్డం పెట్టి, తల వంచుకుని, వద్దు బిడ్డా, ఈ పొద్దు వద్దు అన్నాడు. జేజి నీళ్లన్నా తాగప్పా అంది. ఆయన నీళ్లూ ముట్టలేదు.

ఆ చెంబు పట్టుకుని అమ్మ నిలబడిన తీరు నాకిప్పటికీ కండ్లకు కట్టినట్టే ఉంది. జేజి వైపు చూసింది. జేజి ఆ చెంబు వైపు చూసింది. ఇద్దరూ ఏమీ అడగలేదు. పాపం సాయిబు ఇంకా చెప్తూనే ఉన్నాడు, లారీలో ముందర చోటుంది, బిడ్డను ఎత్తుకుని ఎక్కితే చీకటి పడేసరికి మదనపల్లెలో దించేస్తానని. ఆయన ఎంత గట్టిగా చెప్తే వీళ్లకు ఆ చావు అంత నిజమనిపించింది. మీరు పదండి, మేము వెనకాలే వస్తామని జేజి ఆయనను పంపేసింది. లారీ వీధి మలుపు తిరిగాక అమ్మ ఆ చెంబును గడప పక్కన దించి, అక్కడే కూలబడి, చప్పుడు లేకుండా ఏడ్చింది.

నాయన ఆ రోజు వెంకటగిరికోట సంతకు పోయి సాయంత్రానికి గానీ రాలేదు. ఈలోపల జేజి అంతా లెక్క కట్టేసింది. సాయిబు మదనపల్లెలో నిన్ననే బయలుదేరి ఉంటాడు, అంటే ప్రాణం పోయింది నిన్నటికి ముందే, ఈ దారిని ఎంత పరుగెత్తినా శవం మన కోసం ఉండదు, ఐదోనాడు పాలు పోసే వేళకు అందుకుంటే అదే పుణ్యం. తల్లి పోయిన ఇంటికి కూతుళ్లు విడివిడిగా పోకూడదు కనుక పెద్దపంజాణి దగ్గర పల్లెలో ఉన్న మా పెద్దమ్మను, అమ్మకు అక్కను, దారిలో కలుపుకోవాలి. చావింటికి మూడేళ్ల పిల్లవాణ్ణి ఎత్తుకుపోకూడదు కనుక తమ్ముడు తన దగ్గర ఉంటాడు. జేజి చెడ్డమనిషి కాదు. ఆమెకు తెలిసిన మంచంతా ఆ లెక్కలో పెట్టింది. పోయినవాళ్లకు తొందరేముంది.

మరునాడు బస్సు కదులుతుంటే తమ్ముడు తనూ వస్తానని జేజి చంకలో కాళ్లు విదిలించి ఏడ్చాడు. అమ్మ వాడి వైపు తిరిగి చూడలేదు, చూస్తే దిగిపోతానని. పలమనేరు చేరేసరికే పొద్దు వాలింది. పెద్దపంజాణిలో దిగి మసక వెలుతురులో పెద్దమ్మ వాళ్ల పల్లెకు నడిచాం. తీరా చూస్తే వాళ్లకు ఏ కబురూ అందలేదు. అప్పుడన్నా అనుమానం రావాలి గదా. రాలేదు. రోడ్డుకు ఎడంగా ఉన్న పల్లె కనుక మీరే తెస్తారని వదిలేసి ఉంటారని పెద్దనాయన తేల్చాడు. ఒక తప్పు మనసులో పడ్డాక ఎదురొచ్చిన ప్రతిదీ దానికి సాక్ష్యమే అవుతుంది. పెద్దమ్మకు పిల్లలు లేరు. ఆమె రాత్రంతా గోడకు ఆనుకుని తల్లిని తలుచుకుని కుమిలింది. తెల్లవారి పుంగనూరులో బస్సు మారినప్పుడు నాయన అక్కడి దుకాణంలో పసుపు, కుంకుమ, ఐదోనాటికి కావలసినవన్నీ కొన్నాడు. ఎవరికని దుకాణదారు అడగలేదు, ఆ సరుకు చూస్తే తెలుస్తుంది. బస్సులో కూడా మాకు చోటిచ్చి జరిగి కూర్చున్నారు.

మదనపల్లెలో దిగేసరికి మధ్యాహ్నం కావస్తోంది. మా అవ్వ వాళ్ల వీధి మొదట్లో ఒక మలుపుంది, అక్కడినుంచి ఇల్లు కనబడదు. చావింటికి వచ్చే ఆడబిడ్డలు వీధి మొదట్లోనే ఏడుపు ఎత్తుకోవాలి, నోరు మూసుకుని గడప తొక్కితే తల్లి మీద ప్రేమ లేదంటారు. అమ్మా పెద్దమ్మా ఆ మలుపులో నిలబడి కొప్పులు విప్పి, ఒకరి మెడ ఒకరు కావలించుకుని గొంతెత్తారు. రెండు రోజులుగా దిగమింగుకున్నదంతా ఒక్కసారి బయటికి వచ్చింది. మాటలు తెలియడం లేదు, ఏడుపే. ఇండ్లలోనుంచి జనం బయటికి వచ్చి, ఏమి చెయ్యాలో తోచక మమ్మల్ని చూస్తూ నిలబడ్డారు. అంతలో మా మామ పంచె ఎగ్గట్టుకుని పరుగెత్తుకొచ్చి ఇద్దరి నోళ్లకూ చేతులు అడ్డం పెట్టాడు.

"అమ్మ బతికే ఉండాదే," అన్నాడు ఒగరుస్తూ. "యాల ఏడుస్తాండారు? మీ ఏడుపు ఇంటాండాది."

ఏడుపు అక్కడికక్కడ ఆగిపోయింది. అమ్మ ముఖంలో సంతోషం రావడం నేను చూశాను, నిజంగా చూశాను. చేతిలోని పసుపు కుంకుమల మూట పెద్దనాయన చేతిలో పడేసి, విప్పిన జుట్టు ముడి కూడా వేసుకోకుండా ఇంట్లోకి పరుగెత్తింది. వెనకాలే మేమందరం.

అవ్వ మంచం మీద వెల్లకిలా పడుకుని ఉంది. మనిషి సగానికి సగం అయిపోయింది గానీ కండ్లు మాత్రం అవ్వ కండ్లే. తలుపు వైపే చూస్తోంది. కూతుళ్ల గొంతులు వీధి మలుపులో ఉండగానే ఆమెకు వినబడ్డాయి. ఆ ఏడుపు ఏ ఏడుపో తెలియని మనిషా ఆమె. ఆ గొంతులను ఎవరో నోరు నొక్కి ఆపడమూ తెలిసింది. విప్పిన జుట్లు చూసింది, వాచిన కండ్లు చూసింది.

"ఎవురే పోయింది?" అని అడిగింది.

ఏమని పలుకుతారు? నువ్వే పోయినావనుకున్నామని బతికున్న మనిషికి చెప్పడమా. ఎవరూ పోలేదమ్మా అని మామ అన్నాడు, ఆ మాట ఎవరైనా అంటారు. అవ్వ చూపు ఒక్కొక్కరి మీద ఆగుతూ వచ్చింది. పెద్దకూతురు, ఆమె మొగుడు, చిన్నకూతురు, అల్లుడు, నేను. నా పక్కన, నా వెనక, అమ్మ చంకలో వెతికింది.

"పెద్దాయన యాడ?"

కుప్పంలో ఉన్నాడని, జేజి దగ్గర వదిలి వచ్చానని అమ్మ చెప్పింది. మూడేండ్లుగా చూడని బిడ్డను యాల తేలేదని అవ్వ అడిగింది. దానికి నిజమైన జవాబు ఒక్కటే, ఆ జవాబు చెప్పడానికి అమ్మకు నోరు రాలేదు. తడబడి, వాడికి ఒళ్లు కొంచెం వెచ్చగా ఉంది, అందుకే వదిలేసి వచ్చానని అనేసింది.

అవ్వ ముఖం గోడ వైపు తిప్పుకుంది.

అప్పుడు అమ్మకు తను ఏమన్నదో అర్థమైంది. కాళ్ల దగ్గర కూర్చుని, ఆ పాదాలు పట్టుకుని, జరిగినదంతా మొదటినుంచీ చెప్పింది. సాయిబు నీళ్లు ముట్టకపోవడం, జేజి కట్టిన లెక్క, అన్నీ. దాచకుండా, మెత్త చెయ్యకుండా, మేము నీ చావుకు వచ్చామమ్మా అని కూడా అనేసింది. నా జన్మలో అంతటి నిజం ఎవరూ ఎవరికీ చెప్పగా నేను వినలేదు. అవ్వ గోడ వైపు నుంచి తిరగకుండానే అంది.

"నా కాడ నేర్సుకున్న మాటలు నాకే సెప్తాండావా?"

సాయిబును పిలిపించారు. సంగతి విని ఆయన గుమ్మం దగ్గరే నేల మీద కూర్చుండిపోయాడు. రంజాను అయిపోయిన తరువాత కూడా ఆరు ఉపవాసాలు ఉంటారట, ఉంటే పుణ్యమట, అందరూ ఉండరు, ఆయన ఉంటాడు. పండగ పాయసం పంచేశారు కనుక ఉపవాసాలు అయిపోయాయనే మాకు తెలుసు, ఆ ఆరింటి సంగతి మా వీధిలో ఎవరికీ తెలియదు. ఆ పొద్దు వద్దంటే చాలదా, ఎందుకు వద్దో చెప్పుకోవడం ఏమి గొప్ప అనుకున్నాడట ఆయన. ఆయన కూడా అవ్వ మంచం దగ్గరికి వచ్చి, అల్లా మీద ఆన వదినా, బిడ్డ బాగుండాడు, నేను కండ్లతో చూసినాను అని చెప్పాడు. అవ్వ ఆయనకు నమస్కారం పెట్టింది, అంతే. ఆయన మంచివాడని ఆమెకు తెలుసు, మంచివాళ్లే గదా అట్లా చెప్తారు.

ఇక మిగిలింది ఒక్కటే దారి, పిల్లవాణ్ణి తెచ్చి చూపించడం. సాయిబు లేచి పోయి లారీకి నిప్పు వేయించాడు. నాయన ఆయనతో ఎక్కాడు. పుంగనూరు, పలమనేరు, వెంకటగిరికోట, కుప్పం, మళ్లీ అంత దారీ వెనక్కు. ఆ మిట్టలూ, ఆ దగ్గే ఇంజనూ, ఆ బొగ్గు పొగా. విమానంలో ఆ గొంతు ముప్పై ఐదు నిమిషాలన్నప్పుడు నాకు కోపం ఎందుకు వచ్చిందో ఇప్పుడు మీకు తెలిసి ఉంటుంది.

ఆ రాత్రీ మరునాటి పొద్దుటా అమ్మ వాకిలికీ మంచానికీ తిరుగుతూనే ఉంది. అవ్వ గంజి ముట్టలేదు. అత్త గరిటెతో నోటి దగ్గర పెడితే, పసిబిడ్డ పోయిన ఇంట్లో ముసిలిదానికి గంజెందుకని పెదవులు బిగించింది. డాక్టరు వచ్చి చూసి, తిండి లోపలికి పోతే నాలుగు రోజులు నిలుస్తుందనుకున్నాను, ఇట్లయితే కష్టమని మామతో చెప్పి పోయాడు. పొద్దెక్కుతుండగా అవ్వ నన్ను చేయి ఊపి దగ్గరికి పిలిచింది. అందరినీ కొంచెం ఎడంగా పొమ్మంది. నా చెంప మీద చెయ్యి వేసి, నువ్వన్నా నిజం చెప్పు తల్లీ అంది. ఆ చెయ్యి ఎండిన ఆకులాగా గరగరమంది. తమ్ముడు బాగున్నాడవ్వా, బస్సు కదులుతుంటే తనూ వస్తానని ఏడ్చినాడు, నాయన ఎత్తుకొస్తాడు అని ఒక్క గుక్కలో చెప్పాను. ఆమె నా కండ్లలోకి చాలాసేపు చూసింది. నమ్ముతుందనే అనుకున్నాను.

"నీకు గూడా నేర్పినారా," అంది.

ఆ తరువాత ఆమె మాట్లాడలేదు. పొద్దు నడినెత్తికి రాకముందే ప్రాణం పోయింది.

సాయంత్రానికల్లా ఎత్తేయాలని పెద్దలు తొందరపెట్టారు. అమ్మ మంచం కోడు పట్టుకుని కదలలేదు. లారీ వచ్చేసరికి వీధిలో ఎండ గోడల పైకి ఎక్కింది. నాయన చంకలో తమ్ముడు ఒంటినిండా మసితో, నిద్రమొహంతో ఉన్నాడు. మామ ఎదురుపోయి ఏమీ చెప్పలేదు, చెప్పక్కరలేదు, వాకిట్లో నిప్పు కనబడుతోంది. సాయిబు లారీ దిగలేదు. స్టీరింగు చక్రం మీద తల పెట్టుకుని అలాగే ఉండిపోయాడు. పసిబిడ్డను లోపలికి తేవద్దని ఆడవాళ్లందరూ ఒక్క గొంతుతో అన్నారు. అమ్మ ఎవరి మాటా వినలేదు. నాయన చేతుల్లోనుంచి వాణ్ణి లాక్కుని, శవం ముందరికి తీసుకుపోయి, ఆ మూసిన కండ్లకు ఎదురుగా రెండు చేతులతో ఎత్తి పట్టుకుంది.

"సూడుమా. బతికే ఉండాడు. సూడు."

వాడు మళ్లీ లారీ ఎక్కుతానని మారాం చేస్తున్నాడు. అమ్మ వాణ్ణి దించలేదు. చివరికి నాయన వచ్చి దించాడు.

ఆ తరువాత మా అమ్మ వేరే మనిషి అయిపోయింది. ఎవరు ఏ కబురు తెచ్చినా, మంచీ మర్యాదా లేకుండా, ఉండారా పోయినారా అది సెప్పు ముందు అని నిలదీసేది. అపశకునమని జనం చెవులు మూసుకునేవారు, రాతిగుండెదని వెనకాల అనేవారు. మాకు జ్వరమొస్తే జ్వరమని, ఇంట్లో బియ్యం లేకపోతే లేవని, అన్నీ ఉన్నవి ఉన్నట్టే చెప్పి పెంచింది. నా నోరు కూడా అందుకే ఇంత కరుకు. సాయిబు చిన్నాయన ఆ తరువాత కూడా కుప్పం వచ్చేవాడు, గడప లోపలికి వచ్చేవాడు, కానీ మరి ఎవరింటికీ కబురు మాత్రం మొయ్యలేదు. జేజి తను కట్టిన లెక్క గురించి పోయేదాకా ఎత్తలేదు, అమ్మ కూడా ఆమెను ఒక్క మాట అనలేదు. ఒకే వంటింట్లో ఇంకో పన్నెండేళ్లు ఇద్దరూ వండారు.

ఇప్పుడు కబురు మోసేవాళ్లు లేరు. చచ్చిన గంటలోపల ఫోనులో దండ వేసిన బొమ్మ వచ్చేస్తుంది, దాని కింద చేతులు జోడించిన బొమ్మలు వరసగా వస్తాయి. అమెరికాలో ఉన్న మనవడు కూడా మంచం మీది అవ్వకు ముఖం చూపిస్తాడు. మంచిదే, ఆ సుఖం మా అవ్వకు ఉంటే నేనీ ముక్క రాసేదాన్నే కాదు. కానీ మెత్తగా చెప్పడానికని పనులు మానుకుని వచ్చి, మన పక్కన కూర్చుని, ఎక్కడ మొదలుపెట్టాలా అని తడుముకునే మనిషి కూడా పోయాడు. ఆ మనిషి వల్ల మా ఇంట్లో ఎంత ఘోరం జరిగిందో తెలిసీ, ఒక్కోసారి ఆ మనిషి కోసమే నాకు బెంగగా ఉంటుంది. ఈ రెండూ ఎలా కలిసి ఉంటాయో నన్నడగవద్దు.

అమ్మకు చివరి రోజుల్లో మతి నిలకడగా ఉండేది కాదు. అప్పటికి తమ్ముడికి తల నెరిసిపోయింది, మనవళ్లు కూడా పుట్టారు. వాడు పక్కన కూర్చుని గంజి తాగిస్తుంటే వాడి చెయ్యి పట్టుకుని నాతో, వీణ్ణి బిరబిరా మదనపల్లెకు ఎత్తుకుపోండమ్మా, అమ్మకు చూపించాల అనేది. రోజూ అదే మాట. వినీ వినీ తమ్ముడు ఒకనాడు నిజంగానే ఆమెను కారులో కూర్చోబెట్టాడు, నేనూ ఎక్కాను. నున్నటి తారు రోడ్డు, ఎక్కడా దిగి తొయ్యలేదు, తెచ్చుకున్న సద్ది విప్పకముందే మదనపల్లె వచ్చేసింది. ఆ వీధి మలుపు తిరిగి కారు ఆపాం. అవ్వ వాళ్ల ఇల్లున్న చోట ఇనుప సామాన్ల దుకాణం ఉంది. అమ్మ అద్దంలోనుంచి అటూ ఇటూ చూసి, అమ్మ యాడ అని అడిగింది. తమ్ముడు నా వైపు చూశాడు. ఉన్నది ఉన్నట్టు చెప్పాలని మమ్మల్ని పెంచింది ఆమే.

"పోయిందిమా," అన్నాడు.

అమ్మ మళ్లీ ఆ దుకాణం వైపు చూసింది.

"మనం వచ్చేలోపలేనా," అంది.

ఔనన్నాడు వాడు. ఇల్లు చేరేదాకా ఆమె వాడి చెయ్యి వదలలేదు.